అరవై నాలుగు కంచు పలకలు

రంగుల దుకాణం పైగది,
మార్చి 3

మావయ్యా,

వ్యాను డ్రైవరు చేతికి ఈ ఉత్తరంతో పాటు ఒక చెక్కపెట్టె ఇస్తున్నాను. బరువుగా ఉంటుంది, జాగ్రత్తగా దించుకో. ఆ కొండవాలు మీద ఫోను పలకదు కాబట్టి మనిద్దరికీ ఈ వ్యానే గతి. సోమవారం పైకెక్కుతుంది, గురువారం కిందికి దిగుతుంది. నీ కోడిగీతలు నేను చదువుకోవాలి, నా చీమల బారులు నువ్వు చదువుకోవాలి. తప్పదు.

పెట్టెలో ఉన్నవి స్విచ్చుల మీద బిగించే పలకలు. మొత్తం అరవై నాలుగు. అన్నీ కంచువి, ఒక్కొక్కటీ చేత్తో నునుపు చేసినవి. మరలు పైకి కనిపించవు. స్విచ్చి కూడా వెడల్పాటి మీట కాదు, అగ్గిపుల్లంత చిన్న పుల్ల. లేపితే వెలుగు, దించితే చీకటి. సాకెట్లకీ ఇదే కంచు మూత. పలక పై అంచు తలుపు పిడితో ఒకే గీత మీద ఉండాలి, ఆ గీత ఇల్లంతా ఎక్కడా తెగకూడదు. నవ్వకు. ఇంట్లో మనిషి రోజూ ముట్టుకునేవి మూడే మావయ్యా: తలుపు పిడి, కొళాయి, స్విచ్చి. మిగతాదంతా చూసుకోవడానికే. ఆ మూడింటినీ గాలికొదిలేసి గోడలకి పాలరాయి అతికిస్తే పైన పటారం, లోన లొటారం అన్నట్టే ఉంటుంది.

ఇళ్ళ లోపలి డిజైన్లు చేసే ఆ పెద్ద కంపెనీ మానేసి నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి ఇల్లు ఇది. ఇంటావిడ పళ్ళ డాక్టరు, ఏప్రిల్ ఇరవైకి సామానుతో సహా దిగిపోతుంది. గోడల్లో తీగలు లాగిన ఎలక్ట్రీషియను చెప్పాపెట్టకుండా వేరే పనికి పోయాడు. తీగలున్నాయి, కలిపేవాళ్ళే లేరు. ఈ ఇల్లు బాగా వస్తే ఆవిడ చెల్లెలి ఇల్లు కూడా నాకే ఇస్తానంది. చెడితే మళ్ళీ ఆ కంపెనీ గుమ్మమెక్కి తలొంచుకు కూర్చోవాలి. అందుకే నిన్ను పిలిచాను. నలభై ఏళ్ళ చెయ్యి నీది. నువ్వుంటే నాకు భయం లేదు.

నీ
పెంకి

*

కొండవాలు ఇల్లు, మెట్ల కింద గది,
మార్చి 10

పెంకిపిల్లకి,

అరవై నాలుగు కళలుంటాయని విన్నాను గానీ అరవై నాలుగు కంచు పలకలుంటాయని ఇప్పుడే చూశాను. పెట్టె దించుతూ డ్రైవరు "లోపలేంటి బాబాయ్, గంటలా?" అన్నాడు.

బాగున్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ పుల్ల టక్కుమని పడుతుంటే వేలికి హాయిగా ఉంది. పని మానేసి పది నిమిషాలు దాంతోనే ఆడుకున్నాను. కానీ నా మాట విను. కంచు చలికాలంలో మంచుముక్కలా ఉంటుంది. వేలిముద్రలు పడతాయి. నాలుగేళ్ళకి నల్లబడుతుంది. పైగా హాల్లో ఒకే పలక మీద ఆరు పుల్లలు పెట్టావు, గుర్తూ లేదు, గీతా లేదు. ఆ పళ్ళావిడ ఒక్క దీపం వెలిగించడానికి ఐదు దీపాలకి క్షమాపణ చెప్పుకోవాలి. హాయిగా మామూలు తెల్ల ప్లాస్టిక్ పలకలు వేయించు. ఆ పుల్లలు ప్లాస్టిక్ మీద కూడా బిగుస్తాయి, నేను చూశాను.

మీ అత్తయ్య ఊలు బుట్ట ముందేసుకుని కూర్చుని ఉంటుంది. అటువైపు వెళితే నేను బాగానే తింటున్నానని చెప్పు.

మావయ్య

*

రంగుల దుకాణం పైగది,
మార్చి 17

మావయ్యా,

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నువ్వే కదా నన్ను తిట్టేవాడివి. ఇప్పుడు నీ కుందేలుకి ఎన్ని కాళ్ళు?

ఆరు పుల్లల సంగతిలో నువ్వే గెలిచావు. మూడు మూడుగా విడదీస్తున్నాను, పైన దీపాలకి ఒక పలక, గోడ దీపాలకి ఒకటి. కొత్త గీతలు పంపుతున్నాను. కంచు మీద మాత్రం బేరం లేదు. చల్లగా ఉంటే ఉండనీ, ఏదో ముట్టుకున్నట్టు తెలుస్తుంది. నల్లబడితే పడనీ, వేళ్ళు తగిలే చోట మాత్రం మెరుస్తూనే ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరు ఎక్కువగా ఏ గదిలో తిరిగారో ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పలకలే చెబుతాయి. ప్లాస్టిక్ ఏం చెబుతుంది?

ఒక సంగతి అడగాలి. రెండు వారాల్లో తొమ్మిదే పూర్తయ్యాయని డ్రైవరు చెప్పాడు. తొమ్మిదేంటి మావయ్యా? వంట్లో బాగుందా?

పెంకి

*

కొండవాలు ఇల్లు,
మార్చి 24

పెంకికి,

ఒళ్ళు శుభ్రంగా ఉంది. పద్దెనిమిది అయ్యాయి. డ్రైవరుకి లెక్కలు రావు.

ఇక్కడ రంగులేసేవాడొకడున్నాడు, మంచివాడు, కానీ వాడి నోట ఒక్క రంగు పేరూ సూటిగా రాదు. మాటవరసకి ఒక తీగ చూపించి "ఇదేం రంగంటావు?" అంటే "తుప్పుకి అక్క, ఇటుకకి చెల్లెలు" అంటాడు. ఎరుపా కాదా చెప్పరా నాయనా అంటే అరగంట ఆలోచిస్తాడు. వాడితో పొద్దుపోతోంది.

నాకొక ఆలోచన వచ్చింది. ముందువాడు లాగిన తీగలు నాకు నచ్చలేదు. అన్నీ పీకేసి మళ్ళీ నేనే లాగుతాను. మూడు వారాలు ఇప్పించు. నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు.

మావయ్య

*

రంగుల దుకాణం పైగది,
మార్చి 31

మావయ్యా,

ఆలస్యం అమృతం విషం అన్నది కూడా ఆ పెద్దలే.

తీగలు పీకేయడమేంటి? అవి కొత్తవి. గోడలకి పూత అయిపోయింది. నువ్వు తీగ ఏమీ చెడ్డదని రాయలేదు, నచ్చలేదని రాశావు. కంచు నచ్చలేదు, తీగ నచ్చలేదు, ఇంకేం నచ్చలేదు? నేను నీకు పని చెప్పడమే నచ్చలేదా? స్టూలు పక్కన నిలబడి స్క్రూడ్రైవరు అందించిన పిల్ల ఇప్పుడు గీతలు గీసి పంపుతుంటే కష్టంగా ఉందా?

ఆ పళ్ళ డాక్టరు రోజు విడిచి రోజు ఫోను చేస్తోంది. నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు, వేరే మనిషిని చూసుకుంటాను. చేతనైతే వచ్చే సోమవారానికి అన్నీ బిగించు. ఎనిమిదో తేదీన తాత్కాలికంగా కరెంటు ఇస్తున్నారు.

ఇది కోపంగా రాశాను. చింపి మళ్ళీ రాసే టైము లేదు.

*

కొండవాలు ఇల్లు,
ఏప్రిల్ 7

అరవై నాలుగూ బిగించాను. గీత ఎక్కడా తెగలేదు, దారం పట్టి చూసుకో.

*

కొండవాలు ఇల్లు,
ఏప్రిల్ 8

అమ్మడూ,

వ్యాను వచ్చేదాకా ఆగలేక తాపీమేస్త్రి కిందికి దిగుతుంటే అతని చేతికి ఇది ఇస్తున్నాను.

ఇవాళ పొద్దున కరెంటు ఇచ్చారు. హాలు వెలిగింది, వంటిల్లు వెలిగింది. పైన పెద్ద పడకగదిలో దీపం రాలేదు. ఎందుకా అని తలుపు పక్క పలక మీద టెస్టరు పెట్టాను. స్విచ్చి మీద కాదు, పలక మీద. టెస్టరు వెలిగింది. అంటే ఆవిడ వచ్చి, చెయ్యి చాపి నీ కంచుని ముట్టుకుంటే కరెంటుని ముట్టుకున్నట్టే. పలకకి పచ్చ తీగ కలపాలి, అదే ఎర్త్ తీగ, మనిషిని కాపాడేది. నేను కరెంటు వచ్చే ఎర్ర తీగని కలిపాను. రెంటినీ వెలుతురులో పక్కపక్కన పట్టుకుని చూసి మరీ కలిపాను.

నాకు ఎరుపూ పచ్చా ఒకటే అమ్మడూ. పుట్టినప్పటి నుంచీ అంతే. రెండూ మట్టిరంగుగానే కనపడతాయి. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెబితే పనెవరిస్తారు? చుట్ట మీద అచ్చేసిన పేరు చదివి తీగ కొంటాను. గోడలో నేనే లాగుతాను, లాగేటప్పుడే చివర్లలో ముడులు వేసుకుంటాను, ఎరుపుకి ఒకటి, పచ్చకి రెండు. ఆ ముడులే నా కళ్ళు. ఇక్కడ లాగినవాడు వేరే. ముడి లేదు. ఒక్కో తీగకీ ఒక చివర బ్యాటరీ, ఇంకో చివర గంట పెట్టి ఏది ఏదో తేల్చుకోవాల్సి వచ్చింది, అందుకే ఆలస్యం. కొన్నాళ్ళు రంగులేసేవాణ్ణి మాటల్లో పెట్టి అడిగాను. వాడు వెళ్ళిపోయాడు, నీ ఉత్తరం వచ్చింది. రోషం వచ్చింది. పై అంతస్తంతా కంటిచూపుతో కలిపేశాను.

చలి అన్నాను, వేలిముద్రలన్నాను. అన్నీ సాకులే. ప్లాస్టిక్ పలక వెనక నేను తప్పు చేస్తే అది గోడలోనే ఉండిపోతుంది. కంచు దాన్ని మనిషి వేలి దాకా తెస్తుంది. నా భయమంతా అదే. ఆ ఒక్కటీ తప్ప అన్నీ రాశాను నీకు.

నీకు ఏడేళ్ళప్పుడు సెలవుల్లో పనికి తీసుకెళ్ళేవాణ్ణి. ఇదేం రంగు, అదేం రంగు అని అడిగి, చెప్పినదానికల్లా పిప్పరమెంటు పెట్టేవాణ్ణి. మేనకోడలికి రంగులు నేర్పుతున్నాడని అందరూ మెచ్చుకునేవాళ్ళు. నేను నేర్పలేదమ్మా. నాకు తెలియక అడిగాను.

ఫ్యూజు పీకి జేబులో పెట్టుకున్నాను. బోర్డుకి తాళం వేశాను. ఏమన్నా పడతాను.

మావయ్య

*

రంగుల దుకాణం పైగది,
ఏప్రిల్ 9

మావయ్యా,

తాపీమేస్త్రి బండి ఎదురుగా నిలబెట్టుకుని రాస్తున్నాను. ఫ్యూజు ఎవరడిగినా ఇవ్వకు. పై అంతస్తుకి ఎవరినీ పోనివ్వకు. సోమవారం వ్యానులో నేనే వస్తున్నాను. నిన్ను ఏమనాలో నాకింకా తెలియలేదు. అన్నం మాత్రం మానకు.

*

రంగుల దుకాణం పైగది,
మే 5

మావయ్యా,

నువ్వు ఇంటికి చేరావని అత్తయ్య చెప్పింది. నువ్వు మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

నేను పైకొచ్చి నీ దగ్గరున్న ఆ తొమ్మిది రోజులూ మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. నువ్వు పలక విప్పడం, నేను రంగు చెప్పడం, అంతే. అరవై నాలుగింటిలో నాలుగు తప్పు తేలాయి. నువ్వు వెళ్ళాక సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రీషియనమ్మని తెచ్చి అన్నీ మళ్ళీ చూపించాను. ఆవిడ సంతకం పెట్టింది. ఆ తర్వాత నేను కరెంటు వేసి, చెప్పులు విప్పి, ప్రతి పలక మీదా అరచెయ్యి పెట్టి చూశాను. సంతకం చాలదా అని ఆవిడ నవ్వింది. నాకు చాలలేదు.

పళ్ళ డాక్టరుకి జరిగింది చెప్పాను. నీ పేరు చెప్పలేదు, తొందరపెట్టింది నేనే, తప్పు నాదే అన్నాను. ఆవిడ "చెప్పినందుకు సంతోషం, మా చెల్లెలి ఇల్లు మాత్రం మీకివ్వను" అంది. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అంటాను. పన్నెండు రోజులు ఆలస్యంగా దిగింది. స్విచ్చులు మాత్రం చాలా నచ్చాయట.

నీ మీద నాకు కోపం ఉంది. నాకు చెప్పకపోవడమే కోపం. రంగులతో బతుకుతున్నదాన్ని నేను. చిన్నప్పుడు చెప్పినట్టే ఇప్పుడూ చెప్పేదాన్ని, పిప్పరమెంటు కూడా అడిగేదాన్ని కాదు. నా మీద నాకు అంతకంటే ఎక్కువ కోపంగా ఉంది. చేతకాకపోతే చెప్పు అన్నాను నిన్ను. ఆ ముక్క రాసిన చెయ్యి విరిగిపోను.

అయినా ఒకటి అడగక తప్పదు. మూడు వారాలుగా అడగాలా వద్దా అని చూస్తున్నాను. లోహపు పలకలు, వేరేవాళ్ళు లాగిన తీగలు, నీ కళ్ళతో కలిపినవి. అలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయా?

పెంకి

*

మా ఇల్లు,
మే 12

లేవు. నలభై ఏళ్ళలో నా మీద ఒక్కరు వేలెత్తి చూపలేదు. చివరికి ఆ వేలు నీదవుతుందనుకోలేదు. ఇక రాయకు.

*

మా ఇల్లు,
జూన్ 9

పెంకిపిల్లకి,

లేవు అని రాశాను. అబద్ధం. మూడున్నాయి.

నీ ఉత్తరం చదివిన క్షణానే ఆ మూడు ఇళ్ళూ కళ్ళముందు నిలబడ్డాయి. అందుకే అంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే వారం రోజులు అన్నం సహించలేదు. మీ అత్తయ్య ఊలు పక్కనబెట్టి "ఏంటి సంగతి, కక్కండి" అంది. ముప్పై మూడేళ్ళ కాపురంలో మొదటిసారి చెప్పాను, నాకు రంగులు తెలియవని. ఆవిడ మళ్ళీ ఊలు అందుకుని, "పెళ్ళయిన ఏడాది మీకు ఎర్ర స్వెట్టరు అల్లిచ్చాను. పచ్చ రంగు నాకు భలే ఇష్టం అని వేసుకుని ఊరంతా తిరిగారు. నాకప్పుడే తెలుసు" అంది. మరి ఇన్నేళ్ళూ అడగలేదేమే అంటే, "మీరు చెప్తారని చూస్తున్నాను" అంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఆ తర్వాత ఇద్దరం కలిసి బయలుదేరాం. రంగులు చెప్పడానికి ఆవిడ, టెస్టరు పట్టుకోవడానికి నేను. మొదటి ఇంట్లో అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో ఇంట్లో ఆ పలకలు ఎప్పుడో మార్చేశారు. అయినా సంగతంతా చెప్పాను. వాళ్ళు తిట్టారు. పడ్డాను.

మూడో ఇంటి గుమ్మం ముందు నిలబడి గంట నొక్కలేకపోయాను. మీ అత్తయ్యే నొక్కింది. తలుపు తీసింది ఒక పెద్దాయన, రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. "పదకొండేళ్ళ కింద మీ వంటింట్లో తీగలు కలిపింది నేనేనండి. నాకు ఎరుపూ పచ్చా తేడా తెలియదు. అప్పుడు చెప్పలేదు. ఒక్కసారి చూడనివ్వండి" అన్నాను. ఆయన నన్నూ మీ అత్తయ్యనీ మార్చి మార్చి చూశాడు. "ఎర్ర జెండాకీ పచ్చ జెండాకీ తేడా తెలియనివాడికి మా దగ్గరైతే ఉద్యోగమే ఇవ్వరు" అన్నాడు. "తెలుసండి. అందుకే చెప్పలేదు" అన్నాను. ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు.

వంటింట్లో స్టీలు పలక. దాని పక్కనే మేకుకి ఒక చెక్క గరిటె వేలాడుతోంది. ఇదెందుకండీ ఇక్కడ అని అడిగాను. "అదా, ఆ స్విచ్చి కాస్త చిమచిమలాడుతుంది. గరిటెతో నొక్కుతాం. మాకు అలవాటైపోయింది. మనవలొస్తే ముందు గరిటె సంగతి చెప్పి తర్వాత మంచినీళ్ళిస్తాం" అని నవ్వాడు. నేను వెళ్ళి ముందు ఫ్యూజు పీకాను. మా ఆయన కూర్చోవడానికి ఒక స్టూలివ్వండి అని మీ అత్తయ్య అడిగింది.

విప్పి చూస్తే, పచ్చ తీగ అనుకుని ఆ పలకని దేనికీ పనికిరాని ఒక ఎర్ర తీగ ముక్కకి కలిపి ఉంచాను. పదకొండేళ్ళుగా ఆ పలకకి ఎర్తే లేదు. "ఇది కాదు, పక్కది. అదీ పచ్చ" అని మీ అత్తయ్య చెబుతుంటే కలిపాను. ఫ్యూజు పెట్టాక టెస్టరు పెట్టాను, వెలగలేదు. ముందు నా అరచెయ్యి పెట్టి చూపించాను. నువ్వు అరవై నాలుగుసార్లు అదే పని ఎందుకు చేశావో అప్పుడు తెలిసింది. నువ్వు ఆ ప్రశ్న అడగకపోతే ఆ గరిటె అక్కడే ఉండేది. నీ మీద పెట్టుకున్న కోపానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

పెద్దాయన భార్యని కేకేశాడు. పెరట్లో బట్టలు ఆరేస్తున్నావిడ లోపలికొచ్చి, ఏం జరిగిందో వినకుండానే అలవాటు కొద్దీ గరిటె అందుకుంది. ఆయన ఆ గరిటె తీసుకుని, "వేలితో నొక్కు" అన్నాడు. ఆవిడ నా వంక చూసింది. నేను తలూపాను. వేలు కొంగుకి తుడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కింది. దీపం వెలిగింది. కళ్ళు తెరిచి ఆర్పింది, మళ్ళీ వెలిగించింది. ఆ తర్వాత దీపం సంగతి మరిచిపోయి, అరచెయ్యి మొత్తం ఆ స్టీలు పలక మీద ఆనించి, "ఇంత నున్నగా ఉంటుందా ఇది" అంది.

మావయ్య